రాగిరేకు మీద మంత్రి మొహం

మా నాయనమ్మ ఇత్తడి బిందె మెడ కింద ఆమె పేరు చుక్కచుక్కలుగా ఉంటుంది. జాతరలో పేర్లు కొట్టే మనిషి ఉలిని ఒకేచోట పట్టి, ఒళ్లోని బిందెనే మెల్లగా తిప్పుతూ సుత్తితో టకటకా కొట్టాడు. సున్న దగ్గర బిందె గుండ్రంగా తిరగడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది.

ఆ తిప్పుడు మళ్లీ గుర్తొచ్చింది, రోబేర్ నాంతోయ్ చెక్కిన కోల్బేర్ చిత్రాన్ని ఒక పుస్తకంలో భూతద్దం పెట్టి చూస్తుంటే. కోల్బేర్ అంటే ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ ఖజానా చూసిన మంత్రి. నాంతోయ్ పెద్దమనుషులను ఎదురుగా కూర్చోబెట్టుకుని మొహం గీసుకునేవాడు. తర్వాత రాగిరేకు పని. రేకు కింద ఇసుక కూరిన తోలు దిండు. పిడిని అరచేతికి ఆనించి సన్న ఉలిని ముందుకు తోస్తే రాగి తీగలా చుట్టుకుంటూ లేస్తుంది. వంపు కావాలంటే దిండు మీద రేకును తిప్పాలి. లోతుగా తోస్తే గీత లావు, తేలికగా తోస్తే వెంట్రుక. ఆ గాట్లలో సిరా నింపి, పైపైన తుడిచి, తడి కాగితం పరిచి రోలరు కింద నొక్కుతారు. బొమ్మ తిరగబడి అచ్చవుతుంది కాబట్టి కింది అక్షరాలను కూడా అద్దంలో చూసినట్టు ఎడమను కుడి చేసి చెక్కాలి. ఎంత ఓపిక కావాలో! జుట్టంతా పొడుగు గీతలే. చెంప దగ్గరికొచ్చేసరికి పొట్టి గాట్లు, చుక్కలు. అచ్చం మా బిందె మీద చుక్కలే.

1660లో రాజు ఈ పనిని వృత్తి సంఘాల కట్టుబాట్లు లేని స్వేచ్ఛా కళగా ప్రకటించాడు. అది చెక్కేవాళ్లకు దక్కాల్సిన గౌరవమే.

కోల్బేర్ 1664లో పెట్టించిన ఫ్రెంచి కంపెనీ, 1669లో గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నంలో దిగింది. అదే గోల్కొండ కింద, తానీషా సుల్తానుగా ఉన్న కాలంలో, పాల్వంచ పరగణా తహసీలు చూసినవాడు మా నేలకొండపల్లి కంచెర్ల గోపన్న. ఆయనదీ ఖజానా లెక్కే. ఆ సొమ్ముతో భద్రాద్రి మీద గుడి కట్టించాడని చెరలో వేశారు.

గోపన్న బతికుండగా గీసిన మొహం నాకెక్కడా కనిపించలేదు. గోల్కొండ చెరసాల గోడ మీద మాత్రం రాముడు, హనుమంతుడు ఉన్నారు. ఆయనే చెక్కాడని మావాళ్ల నమ్మకం, నాదీ అదే. పోయినసారి ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డాను. బిందెను తిప్పొచ్చు, రేకును తిప్పొచ్చు. గోడ తిరగదు. ఆ చీకట్లో ప్రతి వంపుకూ చెయ్యే తిరిగి ఉండాలి.