బలుపు ఎవరికి నేరం? – బిగ్‌బాస్ ఇల్లు, కత్తి మహేష్, ప్రేక్షకుల తీర్పు

బలుపు, కొవ్వు, ఒళ్ళు పొంగు, తిన్నదరక్క. తెలుగులో పొగరుబోతును తిట్టడానికి వాడే ఈ మాటల్ని ఒకసారి వరసగా పెట్టి చూడండి. అన్నీ తిండికీ ఒంటికీ సంబంధించినవే. బలం రావడం, కొవ్వు పట్టడం, కడుపు నిండడం మనిషికి మంచి జరిగినప్పుడు జరిగేవి. మరి అవి తిట్లెట్లా అయినాయి? కూలి గింజలు కొలిచే చెయ్యి తనదనుకునేవాడు, ఆ గింజలు తిన్నవాడు తలెత్తి నిలబడటం చూసి ఓర్వలేక అన్న మాటలివి. ఒకే నడక ఆసామి కొడుకులో 'దర్జా' అవుతుంది, కూలోడి కొడుకులో 'బలుపు' అవుతుంది.

ఈ తేడా ఊళ్ళతోనే పోతుందనుకున్నాం. పోలేదు. టెలివిజన్‌లోకి వచ్చి కూచుంది. 1999లో నెదర్లాండ్స్‌లో 'బిగ్ బ్రదర్' పేరుతో పుట్టిన ఆట, హిందీ మీదుగా 2017 జులై 16న 'బిగ్‌బాస్'గా తెలుగులోకి దిగింది. జూనియర్ ఎన్టీఆర్ వ్యాఖ్యాత. ఆట పద్ధతి తెలిసిందే. కొందర్ని ఒక ఇంట్లో పెడతారు. బయటికి పోవాల్సినవాళ్ళ పేర్లు ఇంట్లోవాళ్ళే చెప్తారు, చివరి తీర్పు ప్రేక్షకుల ఓటుది. పేరు చెప్పేటప్పుడు కారణం కూడా చెప్పాలి. ఆ కారణాలు వినండి: 'మాతో కలవడం లేదు', 'కనెక్ట్ కాలేకపోతున్నాం', 'యాటిట్యూడ్ ఎక్కువ'. పని దొంగ అనో, అబద్ధాలకోరు అనో అంటే రుజువు చూపించాలి. 'కలవడం లేదు' అనేదానికి రుజువు అక్కర్లేదు. ఎవరితో ఎవరు కలవాలి, కలిసే బాధ్యత ఎప్పుడూ ఒకవైపే ఎందుకుండాలి అని అడిగేవాడుండడు. పెద్దమనుషుల పంచాయితీలో 'వాడు ఒద్దికైనోడు కాదు' అంటే విచారణ ముగిసినట్టే గదా!

ఆ మొదటి సీజన్ ఇంట్లోకి పోయినవాళ్ళలో కత్తి మహేష్ ఒకడు. చిత్తూరు జిల్లావాడు, దళితుడు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చదువుకున్నవాడు. 'మిణుగురులు' సినిమాకి రచనలో పనిచేశాడు, 2015లో 'పెసరట్టు' తీశాడు. అన్నిటికంటే ఎక్కువగా సినిమా విమర్శకుడిగా తెలుసు. తెలుగు సినిమాకి విమర్శకులు కొత్తగాదు. దళితుడు కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చొని, హీరోల సినిమాలకి మార్కులెయ్యడం కొత్త. బిగ్‌బాస్ ఇంట్లోంచి కొన్ని వారాలకే ప్రేక్షకుల ఓటు ఆయన్ని బయటికి పంపింది. అక్కడితో అయిపోతే ఇది ఆట ముచ్చటే. కానీ బయటికొచ్చాక పవన్ కళ్యాణ్ మీద చేసిన విమర్శలకి అభిమానులు నెలల తరబడి ఫోన్లలో, నెట్‌లో వెంటపడ్డారు. 2018 జనవరిలో ఆయన మీద కోడిగుడ్లతో దాడి జరిగింది. అదే ఏడు రాముడి మీద టీవీ చర్చలో అన్న మాటలకి జులై 9న హైదరాబాద్ పోలీసులు ఆయన్ని ఆర్నెల్లపాటు నగర బహిష్కరణ చేశారు.

ఆ మాటల్ని విమర్శించకూడదా అంటే, విమర్శించొచ్చు. నమ్మకం ఉన్నవాళ్ళకి నొప్పి కలిగింది, ఆ నొప్పి అబద్ధం కాదు. రెండ్రోజుల తేడాతో స్వామి పరిపూర్ణానందనీ బహిష్కరించారు గదా, ఇందులో కులమేముంది అనేవాళ్ళూ ఉన్నారు. పోలీసు కాగితం ఒకటే కావచ్చు, ఊరు చదివిన తీరు ఒకటి కాదు. స్వామిది ధర్మాగ్రహమైంది. మహేష్‌ది బలుపైంది.

ఇప్పుడు ఆ జులై నెలలోనే బిగ్‌బాస్ ఇంట్లో ఏం జరుగుతోందో చూద్దాం. జూన్ 10న మొదలైన రెండో సీజన్ నడుస్తోంది. కౌశల్ అనే పోటీదారు ఇంట్లో దాదాపు అందరితోనూ తగువు పడుతున్నాడు. ఎవరితోనూ కలవడు, తన మాట తగ్గించుకోడు. ఇంట్లోవాళ్ళు వరసపెట్టి ఆయన పేరే చెప్పేవాళ్ళు. బయట ప్రేక్షకులు ఏం చేశారు? 'ఒంటరి పోరాటం' అన్నారు. 'కౌశల్ ఆర్మీ' అని పేరు పెట్టుకుని ఓట్లేశారు, హైదరాబాద్ రోడ్ల మీద ఆయన కోసం నడిచారు. సెప్టెంబర్ 30న ఆయన గెలిచాడు. కౌశల్‌తో నాకు పేచీ లేదు. నేనడిగేది ప్రేక్షకుణ్ణి. కలవకపోవడం ఒకరిలో పౌరుషమైంది, ఇంకొకరిలో నేరమైంది. ఒకాయన చుట్టూ సైన్యం తయారవుతున్న రోజుల్లోనే ఇంకొకాయన్ని ఊరు దాటించారు. దీనికి స్వభావం ఒక్కటే కారణమంటే నమ్మేదెట్లా?

కింది నుంచి వచ్చినవాళ్ళని టీవీ రానివ్వదని నేనట్లేదు. రానిస్తుంది, ఒక షరతు మీద. మొదటి సీజన్లో సంపూర్ణేష్‌బాబు 'పల్లెటూరోణ్ణి, ఉండలేకపోతున్నా' అని వెళ్ళిపోతే జనం అయ్యోపాపం అన్నారు. నాలుగో సీజన్లో (2020) జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ ఒంట్లో బాగాలేక బయటికొస్తే ఇల్లు కట్టించి ఇచ్చారు. ఆమెకి దక్కింది న్యాయమే. ఏడో సీజన్లో (2023) పల్లవి ప్రశాంత్ 'రైతు బిడ్డ'నంటూ దండం పెట్టాడు, ఏడ్చాడు, గెలిచాడు. డిసెంబర్ 17న గెలిచిన రాత్రి అభిమానుల గుంపు ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టింది, ఆయన్ని అరెస్టు చేశారు. బస్సులు పగలగొట్టడం తప్పే. కానీ నిన్నటిదాకా 'మన బిడ్డ' అన్న నోళ్ళే తెల్లారేసరికి 'అసలు రంగు బయటపడింది' అన్నాయి. దండం పెట్టినంతసేపే బిడ్డ. అమాయకత్వం, కన్నీళ్ళు, కృతజ్ఞత: పేదవాడికి ఈ ఆటలో ఇచ్చిన వేషాలు ఈ మూడే. వాదించే వేషం లేదు.

పొరుగున తమిళనాట ఈ సంగతి ముసుగు లేకుండానే బయటపడింది. అక్కడ కూడా బిగ్‌బాస్ 2017లోనే మొదలైంది. గాయత్రి రఘురామ్ అనే పోటీదారు తోటి పోటీదారు ప్రవర్తనని 'చేరి బిహేవియర్' అంది. చేరి అంటే మన వాడ. పుతియ తమిళగం నాయకుడు కృష్ణసామి దీని మీద గొడవ చేశాడు. నిజానికి ఆమె కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. గట్టిగా మాట్లాడితే 'వాడ మాటలు', 'పాలెం నోరు' అనడం మా నెల్లూరు సముద్రపొడ్డున అందరికీ అలవాటే. ఎడారిలాంటి ఉప్పుగాలిలో, రొయ్యల గుంటల మోటార్ల చప్పుడులో పనిచేసే ఆడోళ్ళు మెల్లగా మాట్లాడితే ఎవరికి వినపడుద్ది? పని ఇచ్చిన గొంతుని గుణం కింద జమకట్టారు.

అయితే మనం మనల్ని కూడా అడుక్కోవాలి. బోగోలు చుట్టుపక్కల వాడల్లో కూడా ఓట్లు పడేది ఎక్కువగా దండం పెట్టేవాడికే. మహేష్ మాటొస్తే, 'వానికెందుకబ్బా ఆ నోటి దురుసు, ఒద్దిగ్గా ఉండొచ్చు గదా' అనే మనోళ్ళున్నారు. వాళ్ళకి బుద్ధి లేదని తేల్చేస్తే పొరపాటు. ఆ మాట వెనక భయముంది, అనుభవముంది. 1991లో చుండూరులో గొడవ రాజుకున్నదెక్కడ? సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు కూర్చున్న రెడ్ల కుర్రాడికి తగిలినచోట. ఆగస్టు 6న దళితుల్ని చంపి గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. మన జాతికి ప్రేక్షకుడిగా కూర్చోవడం కూడా అట్లా ప్రాణం మీదికి తెచ్చింది. బిడ్డకి ఒద్దిక నేర్పిన తల్లి వాణ్ణి బతికించుకోవాలని నేర్పింది. టీవీ ఆ ఒద్దికని తీసుకుపోయి వినోదంగా అమ్ముతోంది.

2021 జూన్ 26న కత్తి మహేష్ కారు ప్రమాదానికి గురైంది మా బోగోలు నుంచి నెల్లూరు పోయే దారిలోనే, కొడవలూరు మండలం చంద్రశేఖరపురం దగ్గర. జులై 10న చెన్నైలో చనిపోయాడు. ఆయన ఆస్పత్రిలో ఉండగానే, చనిపోయాక కూడా, 'తగిన శాస్తి' అని సంబరపడినవాళ్ళు తక్కువేం కాదు. రాజకీయంగా ఆయనతో మనకి తేడాలుండొచ్చు. కానీ ఆట అయిపోయి నాలుగేళ్ళయినా ప్రేక్షకుడు ఇంకా ఓటేస్తూనే ఉన్నాడని ఆ సంబరం చెప్పింది.

ఆయన చదివిన యూనివర్సిటీలోనే 2015 చివర్లో రోహిత్ వేములని, తోటి విద్యార్థుల్ని హాస్టల్ నుంచి వెళ్ళగొడితే వాళ్ళు ఆరుబయట 'వెలివాడ' కట్టుకున్నారు. హాస్టలు, నగరం, ఆటయిల్లు. వెళ్ళగొట్టే చోటు మారుతోంది, చెప్పే కారణం మాత్రం మారట్లేదు: 'వీడు మాతో కలవడు'. కలిసే షరతులు ఎవరు రాశారని అడగడం మన విమర్శకి మొదటి పని. మనలో తప్పు చేసినవాడు గొప్పోడని నేనట్లేదు. మంచివాడిగా ఉండే హక్కు మనకెప్పుడో ఇచ్చారు, అది ఖరీదు లేనిది. మొండిగా, తిక్కగా, నచ్చని మనిషిగా ఉండి కూడా మనిషిగా లెక్కకొచ్చే హక్కు కావాలి. అది వచ్చేదాకా 'బలుపు' అన్న తిట్టు తగిలినప్పుడల్లా, కడుపు నిండిన గుర్తుగానే తీసుకుందాం.