రేఖయు, తీర్పును: లేపాక్షి చిత్రములు – తోలుబొమ్మలు

నల్లమాడ ప్రాంతమున చిత్రకళను విచారింపగోరువారికి రెండు సాక్ష్యములు జిల్లాలోనే కలవు. ఒకటి లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు చిత్రములు. రెండవది ధర్మవరము మండలమందలి నిమ్మలకుంట తోలుబొమ్మలు. ఈ మూడు గ్రామములును 2022 ఏప్రిలు వఱకు అనంతపురము జిల్లాలోనివి. పిదప శ్రీసత్యసాయి జిల్లాలో చేరినవి.

రెంటియందును పార్శ్వముఖములు, విశాలనేత్రములు, వాడియైన నాసికలు కన్పట్టును. అంతమాత్రముచే తోలుబొమ్మను గోడచిత్రమునకు క్షీణానుకరణముగా నెంచబుద్ధి పుట్టును. ఈ తీర్పు పరీక్షకు నిలుచునా?

చరిత్రకారుడు కాలమును నిర్ణయించును. ఆలయము అచ్యుతదేవరాయల (1529–1542) కాలమునాటిది. కట్టించిన విరూపణ్ణ పరివారము పొడవైన కుళ్లాయిలతో చిత్రితమైయున్నది. ఆ వేషము విజయనగరాస్థానమునకు సాక్షి. కాని వేషమువలన కాలము తేలునేగాని గుణము తేలదు.

చేతిపని యెఱిగినవాడు వేఱొకటి చూచును. లేపాక్షియందు రంగు సున్నపుపూతపై నిలుచును. వెలుగు దానిపై బడి మఱలును. తోలుబొమ్మయందు వెలుగు పలుచని తోలుగుండ ప్రసరించును. అందుచే నాభరణములు గీతలతోబాటు రంధ్రములచేతను మెఱయవలెను. తెఱపై నెదురెదురుగ మాటలాడు పాత్రలకు పార్శ్వముఖము తగినది. గోడబొమ్మ కదలదు, ఇది కీళ్లతో నాడును. రూపములు పోలినను హేతువులు వేఱు.

విమర్శకుని తీర్పు ఈ యుభయజ్ఞానములపై నిలువవలెను. దీపమును, ఆటయును లేక, బొమ్మను పగటివెలుగున గోడకు వ్రేలాడదీసి క్షీణమనుట, నాటకమును చదివి నటుని దూషించుట వంటిది.

ఈ మూడు విద్యలు ఒక్కనియందు కూడినచో నెట్టి ఫలము కలుగునో శ్రీ సి. శివరామమూర్తిగారి (1909–1983) కృషి చూపినది. మదరాసు ప్రభుత్వ మ్యూజియమునందలి అమరావతీ శిల్పములపై 1942లో వెలువడిన వారి గ్రంథమున వస్త్రములు, ఆభరణములు, పాత్రసామగ్రి వేర్వేఱు రేఖాచిత్రములుగ గీయబడి, వాఙ్మయప్రమాణములతో పోల్చబడినవి. గీయుటయే వారికి శిల్పమును చదువు మార్గమయ్యెను.

ప్రతి విమర్శకుడును చిత్రకారుడు కానక్కఱలేదు. కాని యొక రేఖనైన స్వహస్తమున గీచి చూడవలెను. ఒక రాత్రియైన తెఱయెదుట కూర్చుండవలెను. నిమ్మలకుంటవారు నేడు తోలుతో దీపముల తొడుగులను గూడ చేయుచున్నారు. ఆట తగ్గి యలంకారము పెరిగిన యీ కాలమున తీర్పు తప్పినచో, బొమ్మ మిగులును గాని దానిని బొమ్మగ నాడించిన విద్య మిగులదు.