ఉప్పు చాలని ఊరగాయ

ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకున్నాను. దుబాయి నుంచి మేనల్లుడు తెచ్చిన 30 గ్రాముల కేవియర్ డబ్బాను డీప్ ఫ్రీజర్లో, ఐసు ట్రే పక్కన దాచాను. మూడో రోజు బయటికి తీసి, కరిగాక మూత తెరిస్తే, పూసల్లా విడివిడిగా ఉండాల్సిన చేప గుడ్లు చితికి, నీరు కారి ముద్దయ్యాయి. లోపలి నీరు గడ్డకట్టి పొరను చీల్చేసింది. "ఫ్రీజర్లో పెట్టావా మావయ్యా!" అని వాడు తల పట్టుకున్నాడు.

తప్పు నా ఊరగాయ బుద్ధిది. ఉప్పు పడితే ఏడాది నిలవుంటుందనే ఇంట్లో పెరిగాను. కేవియర్‌లోనూ పడేది ఉప్పే. కానీ మంచి సరుకును రష్యన్లు 'మలొసోల్' అంటారు, తక్కువ ఉప్పు అని. నూటికి మూడు నుంచి ఐదు పాళ్లు. రుచికి చాలు, నిలవకు చాలదు. ఆ లోటు చలి పూడ్చాలి: సున్నాకి రెండు డిగ్రీలు అటూ ఇటూ. ఉన్న కాస్త ఉప్పు వల్లే ఆ చలికి గడ్డకట్టదు. మన ఫ్రిజ్ నాలుగు దగ్గర తిరుగుతుంది కాబట్టి గిన్నెలో ఐసు పోసి, డబ్బాను అందులో కూర్చోబెట్టి, వెనక గోడ దగ్గరికి తోసెయ్యాలి. తలుపు అర పనికిరాదు. మూత తీస్తే రెండు మూడు రోజులే ఆయుష్షు.

కేవియర్‌లో పాతకాలం నుంచి వినిపించే పెద్ద పేర్లు కాస్పియన్ సముద్రపు స్టర్జన్ చేపలవి. బెలూగా గుడ్లు పెద్దవి, బూడిద రంగు. ఒసెత్రావి మధ్యస్తం, గోధుమ రంగు నుంచి బంగారు ఛాయ దాకా. సెవ్రూగావి చిన్నవి, ముదురు రంగువి. బెలూగా ఆడచేప గుడ్డుకు రావడానికి పదిహేనేళ్లు దాటుతుంది. వేటగాళ్లు అంతకాలం ఆగుతారా? 1998లో స్టర్జన్ జాతులన్నిటి వ్యాపారం, అంతరించే జీవుల అమ్మకాలను అదుపుచేసే సైటిస్ ఒప్పందం కిందికి వచ్చింది. ఇప్పుడు దొరికేది చాలామటుకు పెంపకపు సరుకు, అందులో చైనాదే పెద్ద చెయ్యి.

రెండో డబ్బా వచ్చినప్పుడు కళ్లజోడు పెట్టుకుని లేబుల్ మీది సైటిస్ కోడ్ చదివాను. జీయూఈ: ఒసెత్రా ఇచ్చే చేప. సీ: పెంచినది. సీఎన్: చైనా. ఆ తర్వాత ఏడాది. మూత మీది బంగారు అక్షరాల కంటే ఈ నాలుగు ముక్కలే నమ్మకం.

వెండి తగిలితే రుచి చెడుతుంది. ముత్యపు చిప్ప చెంచా మనింట్లో ఎక్కడిది? ఐస్‌క్రీం కప్పుతో వచ్చిన చెక్క పుల్లతో అమ్మ నోట్లో పెట్టాను. గుడ్లను నాలుకతో అంగిట్లో నొక్కి చిట్లించి, కాసేపు ఆలోచించింది.

"చేప జనే కదరా! ఉప్పు చాల్లేదు."