ఎక్కడ నిలబడి చెబుతున్నాం?

హుకుంపేట మండలంలో హైస్కూలు పిల్లల ఇంగ్లిష్ నోటుపుస్తకాలు తిరగేస్తే ‘హ్యాడ్’ అడుగడుగునా తగులుతుంది. అల్లూరి సీతారామరాజు గురించి రాయమంటే మరీనూ. వాళ్లకు చింతపల్లి పాఠంలో పేరు కాదు, పాడేరు బస్టాండులో బోర్డు మీద రోజూ చూసే ఊరు. అందుకే ఇష్టంగా రాస్తారు: ‘హి హ్యాడ్ అటాక్డ్ చింతపల్లి. హి హ్యాడ్ టేకెన్ ద గన్స్.’ ఎందుకమ్మా ఇన్ని హ్యాడ్‌లంటే, “చాలా పాత సంగతి కదా సార్” అంటారు.

ఆ జవాబులో ఆలోచన ఉంది. దూరాన్ని లెక్కపెట్టడం సరే, ఎక్కణ్నుంచి అన్నదే తేడా. హ్యాడ్ ఈరోజు నుంచి వెనక్కి కొలవదు, కథ నడుస్తున్న క్షణం నుంచి కొలుస్తుంది. రాజు దాడులే చూడండి: 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా చెబితే మూడింటికీ ‘అటాక్డ్’ చాలు, వందేళ్లు దాటినా సరే. అదే కథను రాజవొమ్మంగిలో ఎత్తుకున్నామా, అంతకుముందే రెండు స్టేషన్ల తుపాకులు రాజు చేతికొచ్చాయని చెప్పాలి. అక్కడ ‘హ్యాడ్ టేకెన్’ తప్పదు.

పిల్లల హ్యాడ్‌కు మన వాక్యం కూడా కారణమే అనుకుంటాను. లేచి, అంబలి తాగి, కొండ దిగి, సంతకెళ్లాం అంటాం. కాలం మొత్తాన్ని చివరి క్రియే మోస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ నాలుగూ దేనికది సింపుల్ పాస్ట్‌లో నిలబడాలి. ‘లేచి’ ముందు జరిగింది కాబట్టి పిల్లలు దానికి హ్యాడ్ తగిలిస్తారు. నిజానికి వరసే ఆ పని చేసేస్తుంది.

ఇంతకన్నా ఇష్టమైన పాఠం నాకు ఇంకొకటుంది. తాతల ముచ్చట రాయించడం. మిరియాలు, పసుపు కావిడి కట్టుకుని సంతకు నడిచి వెళ్లేవాళ్లమని పెద్దలు చెబుతారు. దాన్ని ‘వెంట్’ అని రాస్తే ఒక్కసారి వెళ్లొచ్చినట్టుంటుంది. ‘యూజ్డ్ టు వాక్’ అంటే ఏళ్లతరబడి నడిచిన దారి కనిపిస్తుంది. ఆ తరవాతి వాక్యాల్లో ‘వుడ్’ సరిపోతుంది. ఇక ఒకనాడు వాగు పొంగిందనుకోండి, అలవాటు అక్కడితో ఆగి ‘రోజ్’ అనే సింపుల్ పాస్ట్ రావాలి. అప్పుడు వాళ్లు వాగు మధ్యలో ఉంటే ‘వర్ క్రాసింగ్’. ఒక్క ముచ్చటలో ఇన్ని రూపాలు, ప్రతిదానికీ ఒక కారణం. పన్నెండు కాలాల పట్టిక బట్టీపట్టిస్తే ఆ కారణాలు పిల్లలకు అందవు.

‘హ్యావ్ సీన్ యెస్టర్‌డే’ లాంటి తప్పులు రెండుసార్లు చెబితే సర్దుకుంటాయి, వాటి గురించి నాకు దిగులు లేదు. దిగులల్లా ఖాళీలు పూరించే ప్రశ్నల గురించే. ముందూ వెనకా లేని వాక్యం ఒకటిచ్చి సరైన రూపం రాయమంటాం. నిలబడడానికి క్షణమే లేనప్పుడు పిల్ల ఏళ్లు లెక్కపెట్టక ఏం చేస్తుంది? కనీసం నాలుగు వాక్యాల పేరా ఇచ్చి అందులో ఖాళీ పెట్టండి.