పోగు తెగని హలీం

హలీం కుదిరిందో లేదో తెలుసుకోవడానికి నోట్లో పెట్టుకోనక్కర్లేదు. గరిటెతో కాస్త ఎత్తి, మెల్లగా వంచితే చాలు. కుదిరిన హలీం ధారగా కారిపోదు, ముద్దగా ఊడిపడదు. సాగుతూ దిగుతుంది. ఆ సాగుడులో మాంసపు పోగులు సన్నగా కంటికి ఆనుతాయి. పోగు ఊసే లేకుండా నున్నగా జారిందంటే దాన్ని గ్రైండర్‌లో తిప్పేశారన్నమాట. ముక్కలు ముక్కలుగా పడిందంటే పొయ్యి మీద ఉండాల్సినంతసేపు ఉండలేదన్నమాట. హలీం వండేవాడి పనితనమంతా ఈ రెంటి నడుమే ఉంది.

హైదరాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద వస్తే తుంగభద్ర దాటగానే కర్నూలు. హలీం అనగానే అందరూ హైదరాబాద్ పేరే చెప్తారు, అది న్యాయమే. కానీ రంజాన్ నెలలో కర్నూలు పాతబస్తీలోనో, కడపలో పెద్ద దర్గా చుట్టుపక్కలో సాయంత్రం పూట తిరిగితే, పేరు లేని చేతుల్లో ఈ విద్య ఎంత నిక్కచ్చిగా బతుకుతోందో తెలుస్తుంది. ఈ కొన్నేళ్లుగా రంజాన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో పడుతోంది. సీమలో అప్పటికే ఎండ ముదిరిపోయి ఉంటుంది. ఆ ఎండలో, రోజా ఉపవాసం పట్టి, నిలువెత్తు వేడి పక్కన పొద్దంతా నిలబడి చేసే పని ఇది.

ముందు భట్టీని చూడాలి. అంగడి ముందర ఇటుకలు పేర్చి, మట్టి మెత్తి కడతారు. దేగిసా అనే పెద్ద వంటపాత్రను పొయ్యి మీద పెట్టరు, పొయ్యిలోకి దించుతారు. మెడ దాకా గోడలోపలే ఉంటుంది, పైకి మూతి మాత్రమే కనిపిస్తుంది. ఇది అలంకారానికి చేసింది కాదు. పొయ్యి మీద పెట్టిన గిన్నెకు మంట అడుగునే తగులుతుంది, అడుగు మాడుతుంటే పైన చల్లగా ఉంటుంది. గోడలో కూర్చిన దేగిసాకు చుట్టూ సెగ తగులుతుంది. కట్టె లాగేశాక కూడా కాలిన ఇటుకలు చాలాసేపు ఆ వేడిని వదలవు. సన్నని సెగ, అన్ని వైపుల నుంచీ, గంటల తరబడి కావాలి. అందుకే ఇంత మట్టి, ఇంత ఇటుక.

మాంసం ఎంచడంలో తెలియనివాళ్లు చేసే పొరపాటు మెత్తటి ముక్క అడగడం. హలీంకు పనికొచ్చేది మెడ, భుజం, పిక్క. జంతువు బతికున్నన్నాళ్లూ కష్టపడిన కండలు. పొట్టేలు మాంసంతో చేసేవాళ్లు కొందరు, పెద్దకూరతో చేసేవాళ్లు కొందరు. ఆంధ్రప్రదేశ్‌లో 1977 నాటి చట్టం ఆవుల్నీ దూడల్నీ కోయడాన్ని నిషేధించింది కాబట్టి ఇక్కడ పెద్దకూర అంటే చాలావరకు గేదెది, దున్నది. చిన్న మాంసం కన్నా ధర తక్కువ. నాకైతే పోగు అందం పెద్దకూరలోనే బాగా తెలుస్తుందనిపిస్తుంది. నార పొడుగు, కండ గట్టిది. ఆ గట్టిదనాన్ని ఓపికగా లొంగదీస్తే వచ్చే పోగు పొట్టేలు మాంసంలో రాదు.

లొంగదీయడమంటే లోపల జరిగేది ఇది. కండలోని నారలను కట్టలుగా కట్టి ఉంచే పొర ఒకటుంది, అందులో ఉండే మాంసకృత్తును కొలాజెన్ అంటారు. చప్పరిస్తే జిగటగా, నమిలితే తెగకుండా పళ్లకు అడ్డం పడేది అదే. దాదాపు 70 డిగ్రీల సెల్సియస్ దాటాక అది నీటిలో మెల్లగా కరిగి జెలటిన్‌గా మారుతుంది. మెల్లగా అన్న మాట ముఖ్యం. వయసు మళ్లిన జంతువుది ఇంకా ఆలస్యం. ఆ లోపు మంట ఎగదోస్తే నారలు బిగుసుకుని లోపలి నీటిని పిండేస్తాయి, కట్టు మాత్రం విడదు. సన్నని సెగ మీద గంటల తరబడి ఉంచితే కట్టు కరుగుతుంది, నారలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి, కరిగిన జెలటిన్ ఒక్కో నారకూ తడిగా అంటుకుంటుంది. హలీంలోని ఆ జిగురు నెయ్యి వల్ల వచ్చిందనుకుంటారు చాలామంది. నెయ్యి వాసనకు, నునుపుకు. జిగురు ఎముకలదీ నరాలదీ, దానికి తోడు గోధుమది.

తెల్లవారుజామున సహరీ భోజనం ముగిశాక, చీకటితోనే నిప్పు రాజేస్తారు. మొదట తుమ్మ కట్టెలతో గట్టి మంట. ఎముకతో సహా మాంసం, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, మిరియాలు, చలువ మిరియాలు, షాజీరా, లవంగం, యాలకులు, దాల్చినచెక్క. ఒక పొంగు వచ్చి నురుగు తీసేశాక కట్టెలు వెనక్కి లాగుతారు. అక్కణ్నించి మంట పని అయిపోయింది, నిప్పుల పనే. మూత మీద కూడా నాలుగు నిప్పులు పోస్తారు.

కర్నూలులో ఒక భట్టీ దగ్గర నేను చూసిన పెద్దాయన పద్ధతి నాకు బాగా గుర్తుంది. మాంసం ఉడికిందా అని ఎవరైనా అడిగితే ఆయన ముక్కను నొక్కి చూడడు. దేగిసాలోంచి ఒక నల్లీ (మూలుగు) ఎముకను పట్టుకారుతో పైకి తీసి, గాలిలో ఒక్కసారి విదిలిస్తాడు. కండ తనంతట తాను ఊడి పడితే సరే. ఏమాత్రం అంటిపెట్టుకున్నా ఎముకను మళ్లీ లోపల వేసి మూత పెట్టేస్తాడు. "తొందరపడితే కాదన్నా, ఎముక దానికదే వదలాల" అన్నాడు. తర్వాత మాంసాన్ని జల్లి గరిటెతో తీసి వెడల్పాటి పళ్లెంలో పోసుకుని చేత్తో వెతకడం మొదలుపెట్టాడు. పెద్ద ఎముకలు ఎవరైనా తీస్తారు. ఆయన వెతుకుతున్నది ఎముక పెచ్చుల కోసం. గోరంత పెచ్చులు, కత్తి దెబ్బకు చిట్లినవి. చూపుడువేలు, బొటనవేలు మధ్య మాంసాన్ని పిడికెడు పిడికెడు జారవిడుస్తూ పోయాడు. కరగని తెల్లని నరం తగిలితే అదీ పక్కన పెట్టాడు. ఒకసారి దంచడం మొదలైతే పెచ్చు ఎక్కడ ఉందో దేవుడికి కూడా తెలియదు, అది తేలేది తినేవాడి పంటి కింద. అందుకని ఈ పళ్లెం దగ్గర ఆయన గడిపిన సమయం చూసి నాకు ఆయన మీద గౌరవం కలిగింది. కొనేవాళ్లెవరూ ఆ పని చూడరు. దానికి ఎవరూ మెచ్చుకోరు. పెచ్చు తగలనప్పుడు దాని గురించి ఎవరికి తెలుస్తుంది?

గోధుమ వ్యవహారం ఇంకో పక్క నడుస్తుంటుంది. రాత్రంతా నానిన గోధుమ నూక, కొంచెం పప్పులు, వేరే పాత్రలో గంజి చిక్కబడేదాకా ఉడుకుతాయి. జొన్న, కొర్ర తిన్న నేల ఇది. గోధుమ ఇక్కడి ప్రధానమైన పంట కాదు. అయినా చిక్కబడే ధాన్యాన్ని ఎలా లొంగదీయాలో ఇక్కడి చేతులకు కొత్తగా నేర్పక్కర్లేదు. రాగి సంగటిని ఉంట లేకుండా కట్టెతో గెలికినట్టే, గోధుమనూ గిన్నె అంచుకు ఒత్తుతూ, అడుగు నుంచి పైకి తీస్తూ తిప్పుతారు. గోధుమ, మాంసం కలిసిన క్షణం నుంచి అసలు ప్రమాదం మొదలవుతుంది. పిండి చిక్కబడి అడుగు పట్టేస్తుంది. ఒక్కచోట అడుగంటితే ఆ మాడు వాసన దేగిసా మొత్తానికీ ఎక్కుతుంది, ఏ మసాలా దాన్ని కప్పలేదు. అందుకే ఆ వేళకు భట్టీలో నిప్పులు కూడా సగం బయటికి లాగేసి ఉంటారు.

అప్పుడు ఘోట్నా దిగుతుంది. పొడవాటి కర్ర, చివర బరువైన గుండ్రని మొద్దు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరి తర్వాత ఒకరు వేస్తారు. దంచడమంటే రోకటి పోటు కాదు. మొద్దును కిందికి దించి, అడుగున ఒత్తి, తమ వైపు లాక్కుంటారు. ఆ లాగుడే మొత్తం కథ. కట్టు కరిగిన కండ దేగిసా అడుగుకూ కర్రకూ మధ్య నలిగి, లాగినప్పుడు పొడుగునా విడిపోతుంది. నార తెగదు, పక్కనున్న నార నుంచి ఊడుతుంది. గ్రైండర్ చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. దాని బ్లేడు నారను అడ్డంగా నరుకుతుంది. పది నిమిషాల్లో పని అయిపోతుంది, చూడ్డానికి నునుపుగా కూడా ఉంటుంది. కాని అది హలీం కాదు, మాంసం వేసిన గంజి. గ్రైండర్ వాడిన హలీంకు ఎంత నెయ్యి పోసినా, ఎన్ని జీడిపప్పులు చల్లినా నా లెక్కలో అది తప్పిన పనే.

చప్పుడు కూడా మారుతుంది. మొదట్లో మొద్దు పడిన ప్రతిసారీ నీళ్లలో పడ్డట్టు వినిపిస్తుంది. ఒక గంట గడిచాక బరువుగా, మూసుకుపోయినట్టు వస్తుంది. ఆ తర్వాత కర్ర పైకి లాగినప్పుడు హలీం దాన్ని వదలనట్టు పట్టుకుంటుంది. పెద్దాయన పక్కన కూర్చుని కళ్లు ఎటో పెట్టుకుని ఉన్నా, ఆ చప్పుడు మారగానే చెయ్యెత్తి ఆపమన్నాడు.

చెవి మీద అంత ఆధారపడటానికి కారణం ఉంది. ఇదంతా రోజాలో ఉన్నవాళ్లు చేసే వంట. ఉప్పు సరిపోయిందా అని నోట్లో వేసుకుని మింగే వీల్లేదు. అవసరమైతే నాలుక కొనకు తగిలించి ఉమ్మేయొచ్చని మతపెద్దలు చెప్తారు, చాలామంది ఆ వెసులుబాటు కూడా తీసుకోరు. అంటే రుచికి పేరుమోసిన ఈ వంటకాన్ని రుచి చూడకుండానే వండుతున్నారు. ఉప్పు గుప్పిట కొలతతో, నీరు కంటితో, కారం పచ్చిమిర్చి తుంచినప్పుడు ముక్కుకు తగిలే ఘాటుతో, ఉడుకు ఎముకతో, దంచుడు చెవితో. నాకు తెలిసి ఇంత కఠినమైన పరీక్ష పెట్టుకున్న వంట మరొకటి లేదు. అందులో నెల పొడుగునా రోజూ నెగ్గుకొస్తున్నారు వాళ్లు.

ఈ విద్య చాలా దూరం నుంచి వచ్చింది. 10వ శతాబ్దపు బాగ్దాద్‌లో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ కూర్చిన ‘కితాబ్ అల్ తబీఖ్’లోనే హరీసా వంటలున్నాయి. గోధుమ, మాంసం, దంచుడు అన్నీ ఉన్నాయి. నిజాం కొలువుకు వచ్చిన అరబ్బులు దాన్ని హైదరాబాద్ తెచ్చారు, అక్కడ మసాలాలు తోడై హలీం అయింది. 1956లో మదీనా హోటల్ దాన్ని బజారుకెక్కించింది. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు దక్కినప్పుడు రాసుకున్న నియమాల్లో పది పాళ్ల మాంసానికి నాలుగు పాళ్ల గోధుమ, రాగి పాత్ర, కట్టెల పొయ్యి, 12 గంటల ఉడుకు ఉన్నాయి. యునెస్కో 2011లో టర్కీ వాళ్ల కెష్కెక్‌నూ, 2023లో గల్ఫ్ దేశాల హరీస్‌నూ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మన సీమ వైపు హలీంకు ఇలాంటి గుర్తింపేదీ లేదు. 1839లో కుంఫిణీవాళ్లు దించేసేదాకా పఠాన్ నవాబులు ఏలిన కర్నూలుకూ, మయానా నవాబుల కడపకూ మాంసం వండటంలో పాత చేయి ఉంది. హలీం దాని మీద వచ్చి కూర్చుంది. తేడా కారంలోనే: సీమ నాలుకకు పచ్చిమిర్చి ఒక పాలు పైన పడాల్సిందే.

ఇంత శ్రమ వారం మధ్యలో, ఉద్యోగం చేసి వచ్చిన ఇంట్లో అయ్యే పనేనా అంటే, అవుతుంది. సూత్రం తెలిస్తే చాలు. అమెరికాలో గొడ్డుమాంసం భుజం ముక్కను పొద్దున స్లో కుక్కర్‌లో వేసి, ఎనిమిది గంటలు సన్నని వేడి మీద వదిలి, సాయంత్రం రెండు ఫోర్కులతో పోగులుగా లాగి బన్నులో పెట్టుకుంటారు. ఆ స్లో కుక్కర్ కూడా ఇలాంటి వంటలోంచి పుట్టిందే. అర్వింగ్ నాక్సన్ అనే ఇంజనీరు, విల్నాలో యూదులు శుక్రవారం సాయంత్రం రొట్టెల బట్టీలో పెట్టి రాత్రంతా మగ్గనిచ్చే చోలెంట్ అనే వంట సంగతి ఇంట్లో విని దాన్ని తయారుచేశాడు. 1940లో పేటెంటు వచ్చింది, 1971లో క్రాక్‌పాట్ పేరుతో ఇళ్లలోకి వెళ్లింది. అక్కడున్న మనవాళ్లు హలీంకు దాన్ని వాడుకోవచ్చు. ఇక్కడ ప్రెషర్ కుక్కర్ చాలు. అర కిలో పిక్క మాంసం, వీలైతే ఒక నల్లీ ఎముక, 200 గ్రాముల నానిన గోధుమ నూక. మాంసం కుక్కర్‌లో మూడు నాలుగు విజిల్స్ వచ్చాక మంట బాగా తగ్గించి ముప్పావు గంట ఉంచాలి. ఎముక విదిలిస్తే కండ ఊడాలి. పెచ్చులు ఏరి, ఉడికిన గోధుమ కలిపి, సన్నని సెగ మీద పప్పు గుత్తితో గిన్నె పక్కకు ఒత్తి లాగుతూ ఎనపాలి. చేయి నొప్పెట్టేదాకా ఎనపాలి, మిక్సీ వైపు చూడకూడదు. వేయించిన ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మకాయ పైన. మిగిలింది మర్నాడు నెయ్యితో కాల్చిన బన్ను మధ్య పెట్టిస్తే పిల్లలు డబ్బా ఖాళీ చేసుకొస్తారు.

అయినా భట్టీ హలీంకు ఇది సాటి రాదు. ఇటుక గోడ సెగ, రెండు కర్రల లాగుడు ఇంట్లో రావు. కర్నూలు, కడప వాళ్లకు, రంజాన్‌లో అటు వెళ్లే ఎవరికైనా నేను చెప్పేది ఒకటే. ఇఫ్తార్ అయ్యాక వెళ్తే క్యూ, ప్లేటు తప్ప ఏమీ కనపడవు. మధ్యాహ్నం మూడున్నర, నాలుగింటికే వెళ్లండి. ఘోట్నా నడుస్తుంటుంది. అడ్డం రాకుండా ఒక పక్కన నిలబడి, భాయ్ అని పలకరించి అడిగితే చూడనిస్తారు. గ్రైండర్ పెట్టిన అంగడి కన్నా అక్కడ ప్లేటుకు పదో ఇరవయ్యో ఎక్కువైతే బేరమాడకుండా ఇవ్వండి. ఆ డబ్బు ఆ ఇద్దరి భుజాలకు.