రైకర్ నవ్వు, పికార్డ్ వేణువు

ఒక టీవీ సిరీస్‌లో జనం మనసులో నిలిచిపోయిన సన్నివేశాలను రెండేసి నిమిషాల ముక్కలుగా కోసి, 'తప్పక చూడాల్సిన పది సీన్లు' అనే పేరుతో ఫోన్లలోకి వదిలే అలవాటు ఎంత ముదిరిందంటే, ఆ సిరీస్‌లో ఒక్క ఎపిసోడ్ కూడా పూర్తిగా చూడనివారు సైతం దాని గురించి తీర్పులు చెప్పేస్తున్నారు. ఈ వారం ఆ కోతకు గురైనది 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్'. పది సీన్ల జాబితాలంటే ఈ శీర్షికకు ఎంత గిట్టదో పాత పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. పద్యనాటకాల్లోని వన్స్‌మోర్ల మీద ఇదే చోట జరిగిన దండయాత్ర కూడా వారికి గుర్తుండే ఉంటుంది. నచ్చిన సిరీస్‌ను తిరిగి చూడదలచినవారు మొదటి ఎపిసోడ్ నుంచి వరుసగా, ఏదీ దాటవేయకుండా చూడాలన్నది ఈ శీర్షిక ఎన్నాళ్ళుగానో పట్టుకు వేలాడుతున్న సిద్ధాంతం.

జీన్ రాడన్‌బెరీ 1966లో మొదలుపెట్టిన పాత 'స్టార్ ట్రెక్'ను మన దేశంలో చాలామంది 1980లలో దూరదర్శన్‌లో చూశారు. దానికి దాదాపు వందేళ్ళ తర్వాతి కాలంలో జరిగినట్లు చెప్పే కొత్త కథ 1987 సెప్టెంబరు నుంచి 1994 మే దాకా ఏడు సీజన్లు నడిచింది. రెండేసి గంటలున్న తొలి, తుది ఎపిసోడ్లను రెండేసిగా లెక్కిస్తే మొత్తం 178. ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక, దాని కెప్టెన్ జాన్‌లూక్ పికార్డ్, ఆ పాత్రలో రంగస్థలం మీద షేక్‌స్పియర్ నాటకాలు ఆడి వచ్చిన ప్యాట్రిక్ స్టీవర్ట్: ఇంతవరకు తెలిస్తే మిగతాది అర్థమవుతుంది.

వరుసగా చూడాలన్న సిద్ధాంతానికి మొదటి సాక్షి 1989 ఫిబ్రవరిలో ప్రసారమైన 'ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్'. అంతకుముందు న్యాయవాదిగా పనిచేసిన మెలిండా స్నాడ్‌గ్రాస్ రాసిన ఆ ఎపిసోడ్‌లో, డేటా అనే ఆండ్రాయిడ్‌ను, అంటే మనిషి రూపంలో మలిచిన, సొంతంగా ఆలోచించగల యంత్రాన్ని, విడదీసి పరిశీలించి అలాంటివి మరిన్ని తయారుచేయాలని మ్యాడాక్స్ అనే శాస్త్రజ్ఞుడు పట్టుబడతాడు. డేటా ఒప్పుకోక ఉద్యోగానికి రాజీనామా చేస్తానంటాడు. దాంతో అతడు రాజీనామా చేసే హక్కున్న వ్యక్తా, లేక స్టార్‌ఫ్లీట్ అనే అంతరిక్ష నౌకాదళం జాబితాలోని సామగ్రా అన్న ప్రశ్న విచారణకు వస్తుంది. కొత్తగా పెట్టిన న్యాయ కార్యాలయంలో సిబ్బంది లేనందువల్ల డేటా తరఫున పికార్డ్, అతనికి వ్యతిరేకంగా అతని స్నేహితుడే అయిన, నౌకలో కెప్టెన్ తర్వాతి అధికారి రైకర్ వాదించవలసి వస్తుంది. రైకర్ మనసు పెట్టి వాదించకపోతే విచారణ అక్కడితో ఆగిపోయి, డేటా సామగ్రేనని తీర్పు వెలువడుతుంది.

ముక్కలు కోసేవారందరూ ఎత్తుకుపోయేది పికార్డ్ ముగింపు వాదనను. అది గొప్ప ప్రసంగమే. వూపీ గోల్డ్‌బర్గ్ పోషించిన గైనన్ అంతకు ముందు సన్నివేశంలో బానిసత్వం సంగతిని సున్నితంగా కదిపి ఉండకపోతే ఆ ప్రసంగానికి పునాదే ఉండేది కాదని మాత్రం క్లిప్ చూసినవారికి తెలియదు. కానీ ఆ ఎపిసోడ్‌కు ప్రాణం మాటలే లేని మరోచోట ఉంది. రైకర్ ఒంటరిగా కంప్యూటర్ ముందు కూర్చుని డేటా శరీర నిర్మాణ చిత్రాలను ఒక్కొక్కటిగా తిరగేస్తుంటాడు. ఒకచోట కళ్ళు ఆగుతాయి. ఎదుటి పక్షాన్ని పడగొట్టే కీలకం చేతికి చిక్కిన వకీలు పెదవుల మీదికి వచ్చే నవ్వు వస్తుంది. మరుక్షణం ఆ గెలుపు ఎవరి మీదో స్ఫురించి ఆ నవ్వు ముఖం మీదే చచ్చిపోతుంది. ఏం దొరికిందో అప్పుడు చెప్పరు. విచారణ గదిలో డేటా చేతిని ఊడదీసి అందరికీ చూపించిన రైకర్, చివరికి అతని వీపు మీదున్న మీటను నొక్కినప్పుడు డేటా తల వాలిపోయి బల్ల మీదికి ఒరిగిపోతాడు. రైకర్‌కు కనిపించింది ఆ మీట.

ఆ మీట ఒకటుందని డేటా 1988 జనవరి నాటి 'డేటాలోర్' ఎపిసోడ్‌లో డాక్టర్ క్రషర్‌కు చెప్పి, ఆ సంగతి ఇంకెవరికీ తెలియనివ్వవద్దని కోరి ఉన్నాడు. వరుసగా చూసినవారికి మాత్రమే రైకర్ వేలు ఎంత దాచుకున్న రహస్యం మీద పడిందో తెలుస్తుంది. అదే విచారణలో డేటా భద్రంగా దాచుకున్న వస్తువుల మధ్య ఒక యువతి చిన్న హోలోగ్రామ్ బొమ్మ బయటపడుతుంది. ఆమె మొదటి సీజన్‌లో చనిపోయిన టాషా యార్ అని, వారిద్దరి మధ్య ఒకనాడు ఏదో జరిగిందని తెలియనివారికి అది ఒట్టి బొమ్మ.

ఇక రెండో సాక్షిని ఈ సిరీసే స్వయంగా సమకూర్చింది. 1988లో అమెరికా రచయితల సమ్మె వల్ల రెండో సీజన్ 22 ఎపిసోడ్లకు కుదించుకుపోగా, ఆ సీజన్ చివరికి డబ్బు కూడా అడుగంటి, మూడు రోజుల షూటింగ్‌తో 'షేడ్స్ ఆఫ్ గ్రే' అనే క్లిప్ షోను, అంటే పాత ఎపిసోడ్ల దృశ్యాలను ఒక సాకుతో కలిపి కుట్టిన ఎపిసోడ్‌ను, తయారుచేశారు. స్పృహలో లేని రైకర్‌కు గతం గుర్తుకు రావడమే ఆ సాకు. నిర్మాతలే చేసిన ఆ సీన్ల జాబితాను సిరీస్ మొత్తంలో అధమమైన వాటిలో ఒకటిగా అభిమానులు ఇప్పటికీ తిట్టిపోస్తుంటారు.

తిరిగి చూడడంలో మరో సరదా 2012లో మొదలైంది. 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద తీసిన ఈ సిరీస్‌ను ఎడిట్ చేసింది వీడియోటేపు మీద కావడంతో పాతికేళ్ళ పాటు జనం చూసిందంతా మసక బొమ్మే. బ్లూరే డిస్కుల కోసం అసలు నెగెటివ్‌లను వెతికి తీసి, మళ్ళీ స్కాన్ చేసి, షాటు తర్వాత షాటు కొత్తగా కూర్చారు. దానితో నటుల ముఖాల్లోని ప్రతి గీతతో పాటు, లైట్ల మెరుపు కెమెరాలో పడకుండా నియంత్రణ పలకల మీద అంటించిన నల్ల అట్టముక్కలు కూడా కొన్నిచోట్ల బయటపడ్డాయి. కథలో అవి ఇరవై నాలుగో శతాబ్దపు పరికరాలన్న సంగతి అట్టముక్కలకు తెలియదు.

ఇంతవరకు వరుస సిద్ధాంతానికి ఎదురులేదు. అయితే ఈ సిరీస్‌ను వరుసగా చూడడం కోసమే తయారుచేశారా అని అడిగితే దాని కాళ్ళ కింద నేల కదులుతుంది. 'నెక్స్ట్ జనరేషన్' ప్రసారమైంది సిండికేషన్‌లో. అంటే ఏ జాతీయ నెట్‌వర్క్‌కూ ఇవ్వకుండా, అమెరికాలో ఊరూరా ఉన్న స్థానిక స్టేషన్లకు పారామౌంట్ సంస్థ నేరుగా అమ్మే పద్ధతిలో. ఆ స్టేషన్ల పునఃప్రసారాల్లో ఎవరు ఏ ఎపిసోడ్ నుంచి చూడడం మొదలుపెట్టినా తికమక పడకూడదు గనుక, ప్రతి కథా ఎక్కడ మొదలైందో దాదాపు అక్కడికే వచ్చి ముగియాలి. మూడో సీజన్‌లో రచయితల బృందానికి పెద్దగా వచ్చిన మైకేల్ పిల్లర్, ముక్కూమొహం తెలియని బయటివారు పంపే స్క్రిప్టులకు కూడా తలుపులు తెరవగలిగింది, రోనాల్డ్ మూర్ వంటివారు ఆ తలుపులోంచి లోపలికి రాగలిగింది ఈ కట్టుబాటు వల్లనే; ముందూవెనుకా అంటిపెట్టుకోని కథను మాత్రమే బయటివాడు రాయగలడు.

మోర్గన్ జెండెల్ అనే బయటి రచయిత తెచ్చిన కథే 1992 జూన్ 1న ప్రసారమైన 'ది ఇన్నర్ లైట్'. ఒక అజ్ఞాత అంతరిక్ష యంత్రం నుంచి వచ్చిన కిరణం తగిలి పికార్డ్ నౌకలోనే కుప్పకూలి, కాటాన్ అనే గ్రహం మీద ఒక పల్లెటూరి ఇంట్లో కళ్ళు తెరుస్తాడు. అక్కడ అందరూ అతన్ని కామిన్ అని పిలుస్తారు. ఎలీన్ అనే ఆమె తాను అతని భార్యనంటుంది. ఏళ్ళ తరబడి నక్షత్రాలకేసి చూస్తూ తన నౌకను వెతికిన మనిషి, క్రమంగా ఆ ఊరివాడై, పిల్లల తండ్రై, వేణువు నేర్చుకుని, ఎండిపోతున్న మట్టిని చేతుల్లోకి తీసుకుని తమ సూర్యుడే తమను చంపబోతున్నాడని తెలుసుకుంటాడు. పెరిగి పెద్దవాడైన కొడుకుగా నటించింది స్టీవర్ట్ సొంత కొడుకు డేనియల్. ముసలితనంలో కామిన్‌ను మనవడితో సహా ఒక రాకెట్ ప్రయోగానికి తీసుకెళ్తారు; వెయ్యేళ్ళ కిందటే నశించిన ఆ జాతి తమను గుర్తుంచుకునే మనిషిని వెతుక్కోమని పంపుతున్న యంత్రం అదేనని, దానికి దొరికిన మనిషి తానేనని అతనికి అప్పుడు అర్థమవుతుంది. నౌకలో గడిచింది అరగంట కూడా కాదు. యంత్రంలో దొరికిన పెట్టెను రైకర్ తెచ్చి ఇచ్చి వెళ్ళిపోయాక, పికార్డ్ దాన్ని తెరిచి, అందులోని వేణువును గుండెలకు హత్తుకుని, తర్వాత వాయిస్తాడు. 1993లో హ్యూగో బహుమతి పొందిన ఎపిసోడ్ ఇది. వాయించినా పలకని ఆ ఉత్తుత్తి వేణువును 2006లో క్రిస్టీస్ వేలంలో ఎవరో 48,000 డాలర్లకు కొన్నారు.

వరుసగా చూసేవారికి దెబ్బ తగిలేది దీని తర్వాత. ఆ వెంటనే వచ్చే 'టైమ్స్ యారో' శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక గుహలో దొరికిన డేటా తల గురించిన కథ. అందులో పికార్డ్ ఎప్పటిలాగే హుషారుగా ఆజ్ఞలిస్తుంటాడు. భార్యను పాతిపెట్టి, పిల్లలను పెంచి, నలభై ఏళ్ళు మరొకడిగా బతికి వచ్చినవాడి ఛాయ ఆ ముఖంలో లేదు. వేణువు ఆ తర్వాత అడపాదడపా కనిపించినా, దాని వెనుక కథను పికార్డ్ నోరు విప్పి చెప్పడానికి 1993 ఏప్రిల్‌లో వచ్చిన 'లెసన్స్' దాకా ఆగాలి. డేటా మీట విషయంలో ప్రేక్షకుడి ఓపికకు ప్రతిఫలం ఇచ్చిన వరుసే ఇక్కడ ఆ ఓపికను వెక్కిరిస్తుంది. 'ఇన్నర్ లైట్'ను ఒక్కదాన్నే చూసి టీవీ కట్టేసినవారికి పికార్డ్ దుఃఖం చెదరకుండా మిగులుతుంది. సీజన్ అంతా చూసినవారి దగ్గర ఆ దుఃఖాన్ని రచయితలే తుడిచేస్తారు.

ఆ లెక్కన, వేణువు సన్నివేశాన్ని విడిగా కోసి తన పదింటిలో పెట్టుకున్న జాబితాకారుడు, 178 ఎపిసోడ్లను నోములా పూర్తిచేసే వరుసవాది కన్నా ఆ సిరీస్ స్వభావానికి దగ్గరగా ఉన్నాడని ఒప్పుకోవలసి వస్తుంది. రాయబారం పద్యానికి వన్స్‌మోర్ కొట్టినవాడికి కథ తెలియక కాదు, కౌరవసభలో ఏం జరగబోతోందో పసిపిల్లలకు కూడా తెలిసిన ఊళ్ళో కూర్చుని కొట్టాడు. నటుడు కూడా వన్స్‌మోర్ వస్తుందని ఎదురుచూస్తూనే రాగం తీశాడు. ఆ నాటకమూ, ఈ సిరీసూ తెగడానికి వీలుగా అల్లినవే. తెగనివి వేరే ఉన్నాయి: అదే దశకంలో, ఐదేళ్ళ కథను ముందే గీసుకుని మైకేల్ స్ట్రజిన్‌స్కీ నడిపిన 'బ్యాబిలాన్ 5'ను ముక్కలుగా చూస్తే ఏమీ మిగలదు, వరుస సిద్ధాంతాన్ని అక్కడ నిక్షేపంగా అమలు చేసుకోవచ్చు. 'నెక్స్ట్ జనరేషన్'ను తిరిగి చూడదలచినవారు 'డేటాలోర్'ను, 'మెజర్ ఆఫ్ ఎ మ్యాన్'ను ఒకదాని వెంట ఒకటి చూడడం, 'ఇన్నర్ లైట్' అయ్యాక కనీసం వారం పాటు మరో ఎపిసోడ్ జోలికి పోకుండా ఉండడం మంచిది. 'షేడ్స్ ఆఫ్ గ్రే'ను ఏ సిద్ధాంతం ప్రకారమూ చూడనక్కర్లేదు.