ఇస్నాద్‌ల లెక్క

ఇమామ్ అబ్దుర్రజ్జాఖ్ (మరణం హి. 211) సంకలనమైన ‘ముసన్నఫ్’ 1970 దశకారంభంలో బీరూత్‌లో 11 సంపుటాలుగా అచ్చయింది. ఇస్నాద్‌లలో అధికభాగం తరువాతివారు కూర్చినవేనని 1950లో జోసెఫ్ షాఖ్త్ చేసిన వాదానికి, ఈ గ్రంథం ఆధారంగానే జర్మన్ పండితుడు హరాల్డ్ మోట్జ్‌కీ 1991లో బదులు చెప్పారు.

గ్రంథంలో కొంతభాగం ఎంచుకొని, ఎవరి ఉల్లేఖనాలెన్నో ఆయన లెక్కించారు. నూటికి సుమారు 32 మఅమర్‌వి, 29 ఇబ్ను జురైజ్‌వి, 22 సుఫ్యాన్ సౌరీవి. తక్కినవి ఎందరివో, తలా కాసిని. గురువులూ ఒకరు కారు: ఇబ్ను జురైజ్‌కు ప్రధానంగా మక్కాలోని అతా, మఅమర్‌కు జుహ్రీ, ఖతాదా. కల్పించేవాడు ఇంత ఎగుడుదిగుడుగా కల్పిస్తాడా? పైగా ఎవరినుండి విన్నదీ రూఢిగా గుర్తులేనిచోట అబ్దుర్రజ్జాఖ్ ఆ సంగతి దాచలేదు.

ఇంతవరకు వాదం గట్టిదే. కాని దీనివల్ల తేలేది గ్రంథకర్త నిజాయితీ. ప్రతి హదీసు ప్రామాణికత కాదు. ఇబ్ను జురైజ్‌నే చూడండి. ‘అతాను అడిగాను’ అన్నచోట ఆయన స్వయంగా విన్నవాడు. ‘ఫలానావారి నుండి’ అని మాత్రమే అన్నచోట ముహద్దిసులు ఆగుతారు, ఆయన తద్లీస్ (మధ్యవ్యక్తిని దాటవేయడం) చేసేవారని వారెరుగుదురు గనుక. లెక్కలో మాత్రం ఆ రెండూ ఒక్కొక్కటే.